మంత్రాల నవల రాస్తున్నాను – ఏడో అధ్యాయం దగ్గర పిల్లలు లేచి వెళ్లిపోతున్నారు

హంద్రీ ఒడ్డు (కర్నూలు)
శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది తక్కువ. ఈసారి నా సొంత గొడవతో వచ్చాను.

పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లల కోసం ఒక నవల రాస్తున్నాను. మంత్రాలు, స్నేహం, బెలుం గుహలు. కొలిమిగుండ్ల పక్కన ఒక పల్లె. జ్యోతి, రమిజ, మద్దిలేటి తొమ్మిదో తరగతి చదువుతుంటారు. జ్యోతి వాళ్ల నాన్న నాపరాళ్ల గనిలో పని చేస్తాడు. ఒకరోజు గుహలో, సప్తస్వరాల గది దగ్గర, చల్లని చీకట్లో జ్యోతి పైకప్పు నుంచి వేలాడే ఒక రాతి ఊడను వేలి కణుపుతో తడుతుంది. తట్టేటప్పుడు మనసులో ఏది అనుకుంటే అది పైన ఊళ్లో జరుగుతుంది. ఎండిన బోరులో నీళ్లు వస్తాయి. తప్పిపోయిన మేక తిరిగి వస్తుంది. అయితే మంత్రం వాడిన ప్రతిసారీ ఆమెకు జ్వరం వస్తుంది. ఎంత పెద్ద మంత్రమైతే అంత పెద్ద జ్వరం.

మా వీధి పిల్లలు ఆరుగురికి ఆదివారాలు మేడమెట్ల మీద చదివి వినిపిస్తున్నాను. బొరుగులు, బుడ్డలు పెడుతున్నావు కాబట్టి వస్తున్నారని మా అమ్మ అంటుంది. ఆరు అధ్యాయాల వరకు ఎవరూ కదలలేదు. ఏడులో జ్యోతి అన్నిటికంటే పెద్ద మంత్రం వేసి మూడు రోజులు ఒళ్లు తెలియని జ్వరంతో పడి ఉంటుంది. ఏడుస్తారనుకున్నాను. ఒకడు లేచి చెప్పులు వేసుకున్నాడు. ఎందుకురా అని అడిగితే, "జ్వరమే కదా అక్కా, మాత్ర వేసుకుంటే పోతుంది" అన్నాడు. వాడి వెనుక మరో ఇద్దరు.

వారం నుంచి ఆ మాట చెవిలో తిరుగుతోంది. తప్పు ఎక్కడుందో చెప్పండి.


కడప కారం
శనివారం, రాత్రి 10:05

నిష్ఠూరంగా చెబుతాను, ఏమీ అనుకోవద్దమ్మా. తప్పు ఏడో అధ్యాయంలో లేదు, మొదటి పేజీలోనే ఉంది. తెలుగులో పద్నాలుగేళ్ల పిల్లల నవల ఎవరు కొంటారు? మా అమ్మాయిదీ తొమ్మిదో తరగతే. మంత్రాల పుస్తకాలు అల్మరా నిండా ఉన్నాయి, ఒక్కటీ తెలుగుది కాదు. తెలుగు పుస్తకం చేతికిస్తే "దీని మీద పరీక్ష ఉందా" అని అడుగుతుంది. కోట, చీపురు, పొడుగు టోపీ లేకపోతే వాళ్లకు అది మంత్రమే కాదు. మీరేమో బోరులో నీళ్లంటున్నారు.


పాత అయ్యవారు (నంద్యాల)
శనివారం, రాత్రి 10:50

కారం గారూ, మీ అమ్మాయి తెలుగు చదవకపోవడానికి ఈ నవల కారణం కాదు కదా. దాన్ని పుట్టనివ్వండి.

హంద్రీ ఒడ్డు గారికి. ముప్పై నాలుగేళ్లు ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పాను. 1947లో చందమామ వచ్చిన తరవాత పుట్టిన తరం మాది, మాంత్రికులు మాకు చుట్టాల్లాంటివాళ్లు. అంతకు ముందు అవ్వలు చెప్పిన కథ ఒకటి అందరికీ తెలిసిందే. ఏడు సముద్రాల అవతల మర్రిచెట్టు, ఆ చెట్టు తొర్రలో చిలుక, ఆ చిలుకలో మాంత్రికుడి ప్రాణం. ఎప్పుడైనా ఆలోచించారా, ఆ ప్రాణాన్ని వాడు తన ఒంట్లోనే పెట్టుకుని ఉంటే ఏమయ్యేది? ఒక కత్తిపోటుతో కథ అయిపోయేది. ప్రాణం వేరే చోట ఉంది కాబట్టే రాకుమారుడు ప్రయాణం కట్టాడు, దారిలో చీమలకు సాయం చేశాడు, అవ్వ ఇంట్లో పూలదండ కట్టాడు.

మీ జ్యోతి జ్వరం ఆమె ఒంట్లో పుట్టి ఆమె ఒంట్లోనే తగ్గిపోతోంది. పక్కన కూర్చున్న ఇద్దరికీ తడిగుడ్డ వేయడం తప్ప పని లేదు. మీ మెట్ల మీద పిల్లలదీ అదే పరిస్థితి. చెప్పులు వేసుకోక ఏం చేస్తారు?


హంద్రీ ఒడ్డు
శనివారం, రాత్రి 11:15

అయ్యవారూ, "ఒంట్లోనే తగ్గిపోతోంది" అన్న మాట కాగితం మీద రాసి గోడకు అంటించాను.

కారం గారూ, చీపురు మా నవలలో కూడా ఉంది. రమిజ వాళ్ల అమ్మ దానితో వాకిలి ఊడుస్తుంది.


గుంతకల్లు జంక్షన్
ఆదివారం, ఉదయం 7:20

ఉగ్గాని తింటూ ఇదంతా చదివాను. మంత్రం కోసం గుహలోకి దిగడం ఎందుకు, మా వైపు చేలల్లోనే ఉంది. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, ఇటు వజ్రకరూరు పొలాల్లో జనం నడుములు వంచి వజ్రాలు వెతుకుతారు. వాన మట్టిని కడిగేస్తే రాయి పైకి తేలుతుంది. అంతే, చెట్ల కింద సద్దిమూటలు, గొడుగులు, వారాల తరబడి అక్కడే మకాం.

మా మేనత్త పదకొండేళ్లు వెళ్లింది. ఒక్కతే కాదు, పక్కింటి స్నేహితురాలితో. ఎవరికి దొరికినా చెరిసగం అని ఒప్పందం. ఒకే సంగటి ముద్దను రెండు చేసుకుని తినేవాళ్లు. పదకొండో ఏడు, మధ్యాహ్నం ఎండ వేళ ఆ స్నేహితురాలు చటుక్కున కూర్చుని పిడికిలి బిగించిందట. "ఏమిటే" అని మా అత్త అడిగింది. "ముల్లు" అంది ఆమె. పిడికిలి తెరవలేదు. మా అత్త తెరవమనలేదు.

మరుసటి ఏడాది నుంచి ఇద్దరూ వెళ్లడం మానేశారు. ఆమె ఇల్లు కట్టలేదు, నగలు చేయించలేదు, అలాగే బతికింది. నిజంగా ముల్లే అయి ఉండవచ్చు. మా అత్త ఏరి తెచ్చిన గులకరాళ్లు ఇప్పటికీ ఒక ఊరగాయ సీసాలో ఉన్నాయి. అందులో ఒక్కటీ వజ్రం కాదు. మా ఇంట్లో మాత్రం ఆ సీసా కంటే ఆ ముల్లు గురించే ఎక్కువ మాట్లాడుకున్నాం.

నవలకు ఇది పనికి వస్తుందో రాదో తెలియదు. గుర్తొచ్చింది, రాశాను.


బూడిదవాన (బనగానపల్లె)
ఆదివారం, ఉదయం 9:00

మా పక్కన జ్వాలాపురం ఉంది. దాదాపు 74 వేల ఏళ్ల కిందట ఇండోనేసియాలోని టోబా అగ్నిపర్వతం పేలితే, ఆ బూడిద అక్కడి నుంచి వచ్చి మా జుర్రేరు లోయలో పడింది. ఇప్పటికీ తెల్లగా, పిండిలా, పొరలుపొరలుగా కనిపిస్తుంది. ఆ పొర కింద రాతి పనిముట్లు దొరికాయి, పొర పైనా దొరికాయి. దీన్ని మించిన మాయ ఎక్కడుంది? మీ దుష్ట మాంత్రికుణ్ణి ఆ బూడిదలోంచి లేపండి.


హంద్రీ ఒడ్డు
ఆదివారం, ఉదయం 9:30

బూడిదవాన గారూ, అది వేరే నవల. మీరే రాయండి, మొదటి ప్రతి నేను కొంటాను. నా కథలో దుష్ట మాంత్రికుడు లేడు. అది కూడా లోపమేమో అని ఇప్పుడు అనుమానం వస్తోంది.

జంక్షన్ అన్నా, ముల్లు సంగతి రెండుసార్లు చదివాను.


నేలమాళిగ
ఆదివారం, మధ్యాహ్నం 2:10

బెలుంలో కొన్నాళ్లు యాత్రికులను తిప్పిన మనిషిని. మూడు విషయాలు చెప్పాలి.

ఒకటి, "చల్లని చీకట్లో" అని రాశారు. మీరు లోపలికి వెళ్లి ఎన్నాళ్లయింది? దిగిన పది నిమిషాలకు చొక్కా వీపుకు అతుక్కుంటుంది. లోపల తేమ, ఉక్క. పైనుంచి గొట్టాలు వేసి గాలి పంపుతున్నా చెమట ఆగదు. గుహ అడుగున నీటి పాయ ఉండే పాతాళగంగ వైపు దిగే కొద్దీ ఇంకా ఎక్కువ. అది ప్రవేశద్వారం నుంచి సుమారు 46 మీటర్ల లోతు. కళ్లద్దాలు మసకబారతాయి. మీ ముగ్గురిలో ఒకరికి కళ్లద్దాలు పెట్టండి, నేను చెప్పింది ఎంత నిజమో అప్పుడు తెలుస్తుంది.

రెండు, గుహల మొత్తం పొడవు 3,229 మీటర్లు. జనాన్ని వెళ్లనిచ్చేది అందులో కిలోమీటరున్నర మాత్రమే. 2002లో యాత్రికులకు తెరిచినప్పటి నుంచి అంతే. మిగిలిన సగం చీకటి మీ కథకు మిగిలి ఉంది, వాడుకోండి.

మూడోది అసలైనది. రాతి ఊడలను తట్టే మంత్రం పెట్టకండి. మీ పుస్తకం చదివిన పిల్లలు వచ్చి తడతారు. ఒకడు వేలితో, ఇంకొకడు రాయితో. ఆ ఊడ వేలెడు పెరగడానికి వందల ఏళ్లు పడుతుంది. విరిగిన ముక్కను జేబులో వేసుకుపోయే మహానుభావులను నేను చూశాను. కావాలంటే గొంతుతో మంత్రం వేయించండి. ఎంత అరిచినా రాయి అరగదు.


హంద్రీ ఒడ్డు
ఆదివారం, మధ్యాహ్నం 3:00

సిగ్గుగా ఉంది. నేను లోపలికి వెళ్లింది ఇంటర్మీడియెట్‌లో, పన్నెండేళ్లయింది. చలి నేను కల్పించుకున్నదే. గుహ అంటే చల్లగా ఉంటుందని ఎక్కడో చదివిన పుస్తకాలు చెప్పాయి, నా వీపు చెప్పలేదు.

తట్టడం తీసేస్తున్నాను. గొంతు.


పెన్న ఇసుక (జమ్మలమడుగు)
ఆదివారం, సాయంత్రం 6:45

గొంతు అనగానే తట్టింది, రాసేస్తున్నాను. గండికోటలో లోయ అంచున నిలబడి చిన్నప్పుడు పేర్లు పెట్టి కేకలు వేసేవాళ్లం. అవతలి గట్టు తిరిగి పలికేది. పేరు మొదటి అక్షరం ఎప్పుడూ మింగేసేది. "రమణా" అంటే "మణా" అని వచ్చేది. మిగిలిన అక్షరం ఎక్కడికి పోయిందని మా తమ్ముడు రాత్రంతా అడిగేవాడు.

జ్యోతి గుహలో పది మాటలు పలికితే తొమ్మిదే తిరిగి రానివ్వండి. కోరిక తీరుతుంది, ఒక మాట మాత్రం పోతుంది. అయితే పోయేది జ్యోతి దగ్గర నుంచి కాదు. పక్కన నిలబడిన రమిజ మనసులోంచి. జ్యోతితో ముడిపడిన ఒక జ్ఞాపకం రమిజలో చెరిగిపోతుంది. జ్వరం లేదు, నొప్పి లేదు. రమిజకు ఏమీ తెలియదు కూడా.

అయ్యవారు చెప్పిన చిలుక ఇదే అనిపిస్తోంది. జ్యోతి బలం రమిజలో దాచి ఉంది.


కడప కారం
ఆదివారం, రాత్రి 8:00

జ్ఞాపకం పోవడమా! ప్రతి రెండో సినిమాలోనూ తలకు దెబ్బ తగిలి మరచిపోతారు, ఇంకో దెబ్బ తగిలి గుర్తు తెచ్చుకుంటారు. ఇక్కడ కొబ్బరికాయకు బదులు గుహ. అంతే కదా.


పాత అయ్యవారు
ఆదివారం, రాత్రి 8:40

సినిమాలు పుట్టక ముందే దుష్యంతుడు శకుంతలను మరచిపోయాడు నాయనా. అక్కడ చూడవలసినది వేరు. మరచినవాడు హాయిగా సింహాసనం మీద కూర్చున్నాడు. నిండు సభలో తల దించుకున్నది ఆమె. పైగా శపించిన ముని దూర్వాసుడు, ఆమె తప్పు అతిథిని గమనించకపోవడం. శిక్ష మాత్రం రాజు జ్ఞాపకం మీద పడింది. అంటే మరపు పాతదే. ఎవరి కోసం ఎవరు మరచిపోతున్నారన్నది కథను బట్టి కొత్తదవుతుంది.

నాకు నచ్చిన చోటు ఒకటి ఉంది. ఊరికి నీళ్లు కావాలి. జ్యోతి పలికితే వస్తాయి. పక్కన రమిజ ఉంటేనే మంత్రం పని చేస్తుంది. ఇప్పుడు మీ చెప్పుల కుర్రాడు ఏం చేస్తాడో చూడాలని ఉంది. దీనికి మాత్ర లేదు.


హంద్రీ ఒడ్డు
ఆదివారం, రాత్రి 9:25

ఒళ్లు జలదరించింది. ఒక చిక్కు ఉంది. ఈ వెల సంగతి జ్యోతికి ఎప్పుడు తెలియాలి? చివర్లో తెలిస్తే పెద్ద మలుపు అవుతుంది.


పెన్న ఇసుక
ఆదివారం, రాత్రి 9:50

వద్దు. చివర్లో తెలిస్తే ఆమె అమాయకురాలు, పాపం అనుకుని పుస్తకం మూసేస్తాం. మూడో అధ్యాయంలోనే తెలియనివ్వండి. ఆ తరవాత కూడా ఆమె రమిజను గుహకు పిలవాలి. "ఈసారి చిన్నదే, ఏ పనికిమాలిన జ్ఞాపకమో పోతుందిలే" అని తనకు తాను సర్దిచెప్పుకోవాలి. మా ఇంట్లో వడ్డీకి అప్పు తెచ్చిన వాళ్లందరూ అలాగే మాట్లాడేవారు.


గుంతకల్లు జంక్షన్
ఆదివారం, రాత్రి 10:10

పిడికిలి.


పెన్న ఇసుక
ఆదివారం, రాత్రి 10:12

అవును అన్నా. పిడికిలే.


చిత్రావతి గట్టు (ధర్మవరం)
సోమవారం, ఉదయం 6:30

మద్దిలేటి సంగతి ఎవరూ ఎత్తలేదు. ముగ్గురు స్నేహితులన్నారు, వాడికి పనేమిటి?

మాకు దగ్గరలో నిమ్మలకుంట ఉంది, తోలుబొమ్మలాట వాళ్ల ఊరు. చిన్నప్పుడు రాత్రి ఆట చూసేవాణ్ణి. తెర వెనుక దీపం, తెర మీద రంగురంగుల రావణుడు. అర్ధరాత్రి దాటాక జనం తూగుతారు. సరిగ్గా అప్పుడు కేతిగాడో, జుట్టుపోలిగాడో, బంగారక్కో ఊడిపడేవాళ్లు. కథతో సంబంధం లేని గొడవ, తిట్లు, నవ్వులు. జనం లేచి కూర్చునేవారు. మళ్లీ రాముడు.

పెద్దయ్యాక ఇంకొకటి గమనించాను. పెద్ద బొమ్మలు అనకూడని మాటలు కేతిగాడు అనేవాడు. ఎదుటివాడు రాజైనా సరే. మీ మద్దిలేటి ఆ పని చేయాలి. రమిజకు ఏం పోయిందో లెక్క పెట్టేవాడు వాడొక్కడే. నవ్విస్తూ నవ్విస్తూ ఒకచోట లెక్క బయట పెడతాడు. ఏడో అధ్యాయానికి అంతకంటే ఏం కావాలి?


హంద్రీ ఒడ్డు
సోమవారం, ఉదయం 8:15

చిత్రావతి గారూ, మద్దిలేటిని ఇన్నాళ్లూ టార్చిలైటు పట్టుకోవడానికి వాడుకున్నాను. వాడికి క్షమాపణ చెప్పాలి.

ఇంకో సందేహం. రమిజ, జ్యోతి పేర్లు చూసి మా బంధువు ఒకాయన "మంచి సందేశం పెట్టావమ్మా" అని మెచ్చుకున్నారు. నేను సందేశం పెట్టలేదు. మా వీధిలో అలాగే ఉంటారు కాబట్టి అలా వచ్చింది. ఇప్పుడు చదివితే రెండో అధ్యాయం నిజంగానే సభలో ఉపన్యాసంలా ఉంది. రమిజ ఇంటి సేమ్యా, జ్యోతి ఇంటి ఓళిగలు, ఇద్దరి చేతులూ కలిపిన బొమ్మ.


కడప కారం
సోమవారం, మధ్యాహ్నం 1:20

ఇది నాకు తెలిసిన విషయం, కాబట్టి తిట్టకుండా చెబుతాను.

మా దేవుని కడపలో ఉగాది నాడు ముస్లింలు వెంకటేశ్వరస్వామి దర్శనానికి వస్తారు. బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచని, స్వామి తమ అల్లుడని నమ్మకం. తెల్లవారుజాము నుంచే వరుస. చూడని వాళ్లు దీన్ని గొప్ప విశేషంగా రాస్తారు. అక్కడ నిలబడితే మాత్రం మామూలు జాతరే. పిల్లలు ఏడుస్తుంటారు, చెప్పులు పోతాయి, కొబ్బరికాయ ధర మీద బేరం నడుస్తుంది. చిన్నప్పుడు మా పక్కింటి బాబ్జాన్‌తో కలిసి నేనూ ఆ వరుసలో నిలబడ్డాను. నా చెప్పులు పోయాయి. వాడు తన ఎడమ చెప్పు నాకిచ్చి, కుడి చెప్పు తను వేసుకున్నాడు. ఇంటి దాకా ఇద్దరం కుంటుకుంటూ నడిచాం. అంత తెలివితక్కువ పని ఎందుకు చేశాడో ఈనాటికీ అర్థం కాలేదు. ఒకరైనా సుఖంగా నడిచేవాళ్లం కదా.

సేమ్యా, ఓళిగలు తీసేయండి. అలాంటిది ఏదైనా పెట్టండి. రమిజ మరచిపోయేది అదే కావాలి.


పెన్న ఇసుక
సోమవారం, మధ్యాహ్నం 1:45

కారం గారూ, శనివారం నుంచి ఇది లోపల పెట్టుకుని చీపుర్ల గురించి మాట్లాడారా?


కడప కారం
సోమవారం, మధ్యాహ్నం 2:00

ఎండ ఎక్కువగా ఉంది. పని చూసుకోండి.


పాత అయ్యవారు
సోమవారం, సాయంత్రం 5:30

ఒక చిన్న మాట, భాష గురించి. కథనం అందరికీ తెలిసే తెలుగులో ఉంచి, సంభాషణలు మాత్రం కొలిమిగుండ్ల పిల్లలు ఎలా మాట్లాడుకుంటారో అలాగే రాయండి. గుహలో పలికే పది మాటలు ఇంకా పాతవి కావాలి. సంస్కృతం వద్దు. మీ అవ్వ వాడి, మీరు వాడని మాటలు వెతకండి. పలికిన కొద్దీ ఒక్కొక్కటిగా పోయే మాటలు కాబట్టి, నిజంగా పోతున్నవే పెడితే బాగుంటుంది.


హంద్రీ ఒడ్డు
తరువాతి ఆదివారం, రాత్రి 9:10

ఏడో అధ్యాయం కొత్తగా రాసి ఈ రోజు చదివాను. బుడ్డలు పెట్టలేదు, పరీక్ష పరీక్షే.

గుహలో ముగ్గురూ పక్కపక్కన నిలబడతారు. ఊళ్లో చెరువు కట్ట తెగబోతోంది. జ్యోతి రమిజ చెయ్యి పట్టుకుని పది మాటలూ పలుకుతుంది. తొమ్మిది తిరిగి వస్తాయి. బయటికి వచ్చాక, మూడో తరగతి నాటి చెప్పుల కథను మద్దిలేటి ఎప్పటిలా నవ్విస్తూ ఎత్తుకుంటాడు. (కారం గారికి ధన్యవాదాలు, మీ ఎడమ చెప్పు రమిజకు ఇచ్చాను.) జ్యోతి నవ్వుతుంది. రమిజ కూడా నవ్వుతుంది, ఎవరి కథో విన్నట్టు. "తరవాత ఏమైంది? ఆ చెప్పు ఇచ్చిన అమ్మాయి ఎవరు?" అని అడుగుతుంది. అధ్యాయం అక్కడ ఆపాను.

ఎవరూ లేవలేదు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరవాత అందరిలోకీ చిన్న పిల్ల, ఆరో తరగతి, "చెరువు తెగిందా లేదా" అని అడిగింది. తెగలేదన్నాను. "అయితే మంచిదే కదా" అంది. మాత్ర కుర్రాడు ఆమె మీద విరుచుకుపడ్డాడు. "ఏం మంచిది? ఆ అమ్మాయిని అడిగిందా? అడగకుండా ఎలా పలుకుతుంది?" అని పది నిమిషాలు గొడవ. మా అమ్మ బయటికి వచ్చి చూసింది.

వాడు వెళుతూ వెళుతూ కాగితాల కట్ట అడిగి తీసుకువెళ్లాడు. ఎనిమిదో అధ్యాయం సగం రాసినది కూడా అందులోనే ఉంది. నా దగ్గర ఇంకో ప్రతి లేదు.


చిత్రావతి గట్టు
ఆదివారం, రాత్రి 9:30

కట్ట తిరిగి రాకపోతే వాడినే మిగిలినది రాయమనండి.


నేలమాళిగ
ఆదివారం, రాత్రి 10:15

బాగుంది. ఒక సవరణ. మీరు చెప్పిన ఆ చోట ముగ్గురు పక్కపక్కన నిలబడలేరు. దారి సన్నం. ఒకరి వెనుక ఒకరు నిలబడాలి. చెయ్యి పట్టుకోవాలంటే జ్యోతి ముందు నిలబడి, చెయ్యి వెనక్కి చాచాలి.


హంద్రీ ఒడ్డు
ఆదివారం, రాత్రి 10:20

అయితే మాటలు పలికేటప్పుడు జ్యోతికి రమిజ ముఖం కనిపించదు.


నేలమాళిగ
ఆదివారం, రాత్రి 10:21

కనిపించదు. వెనుక ఉన్న మద్దిలేటికి కూడా కనిపించదు.